బోర్డింగ్ స్కూల్లో హత్య: పాఠకులు ఎక్కడ, ఎందుకు విడిపోతారు

ఆగథా క్రిస్టీ నవల 'క్యాట్ అమాంగ్ ది పిజియన్స్' చదివినవాళ్ళలో ఎవరిని కదిలించినా ముందు వచ్చే ఫిర్యాదు ఒకటే: ఆమె డిటెక్టివ్ పువారో ఏడీ? 1959లో వచ్చిన ఈ పుస్తకాన్ని అట్ట మీద ఆయన పేరు చూసి కొన్న మనిషి మూడింట రెండు వంతులు చదివితే గానీ ఆయన దర్శనం కాదు. అప్పటికే బడిలో హత్యలు జరిగిపోయాయి, పోలీసులు వచ్చారు, తల్లిదండ్రులు పిల్లలను ఇళ్ళకు తీసుకుపోతున్నారు. ఆ ఫిర్యాదు దాటి ముందుకు వెళ్తే అభిప్రాయాలు ఎవరివి వారివే. క్రిస్టీ పట్టు సడలడం ఇక్కడే మొదలైందనేవారున్నారు. ఆమె రాసిన స్త్రీ పాత్రలన్నిటిలోకి మేడోబ్యాంక్ బడి ప్రిన్సిపల్ మిస్ బుల్‌స్ట్రోడ్ గొప్పదనేవారూ ఉన్నారు. నగలు, విప్లవం, గూఢచారులు లేకపోతే చక్కటి బడి నవల అయ్యేదని కొందరంటే, అవి లేకపోతే ఇంక చదవడానికి ఏముందని మరికొందరు అడుగుతారు. ఒకే పుస్తకం మీద ఇన్ని రకాల మాటలు వస్తున్నప్పుడు అది బాగుందా లేదా అన్న ప్రశ్న దగ్గర తచ్చాడి లాభం లేదు. ఎవరు ఏమి వెతుక్కుంటూ ఆ బడి గేటు లోపలికి వెళ్ళారో చూడాలి.

హైదరాబాద్ పాఠకుల్లో ఈ తేడా మరీ స్పష్టంగా కనబడుతుంది. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో క్రిస్టీ పేపర్‌బ్యాక్‌లు ఎప్పుడూ దొరుకుతాయి. వాటిని ఏరుకునేవాళ్ళలో రెండు రకాల బాల్యాలున్నాయి. సాయంత్రం గంట కొట్టగానే ఇంటికి పరిగెత్తిన బాల్యం ఒకటి. పదీ పదకొండేళ్ళకే తాళం వేసిన ట్రంకు పెట్టెతో హాస్టల్ మెట్లెక్కిన బాల్యం ఇంకొకటి. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల పాఠశాల, ఆ వెనువెంటనే వచ్చిన తాడికొండ, కొడిగెనహళ్ళి, ఎనభైల రెండో సగం నుంచి నవోదయలు, ఆ పైన ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీలు. ఇంగ్లండులో బోర్డింగ్ స్కూలు చాలాకాలం ఉన్నవాళ్ళ వ్యవహారం. తెలుగునాట మాత్రం ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న రైతుల పిల్లలు, చిరుద్యోగుల పిల్లలు ఎంతోమంది హాస్టళ్ళలో చదువుకుని, ఉద్యోగాల కోసం హైదరాబాద్ చేరారు. అందుకే మేడోబ్యాంక్ లాంటి ఖరీదైన ఆడపిల్లల బడి గురించి చదువుతున్నప్పుడు వీళ్ళ కన్ను ఖరీదు మీద నిలవదు. రోల్ కాల్ ఎవరు తీసుకుంటారు, రాత్రి లైట్లు ఆర్పాక వరండాలో ఎవరు తిరుగుతారు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం ఎవరి చేతుల మీదుగా వస్తుంది, ఇలాంటివి చూస్తారు.

నా వాదన ఇది. పువారో ఆలస్యంగా రావడాన్ని అందరూ నవలలోని లోపంగా లెక్కవేస్తున్నారు. హాస్టల్ గురించి ఆ నవల చెప్పిన సంగతులన్నిటిలోకి నిజమైనది అదే. ఒప్పించాలంటే కథలోకి కొంత దూరం వెళ్ళక తప్పదు. నేరం ఎవరిదో చెప్పను, దారిలో వచ్చే మలుపులు కొన్ని మాత్రం చెప్పాల్సి వస్తుంది.

రమాత్ అనే కల్పిత పశ్చిమాసియా రాజ్యంలో తిరుగుబాటు రాబోతోంది. యువరాజు అలీ యూసుఫ్ తన నగలను స్నేహితుడు, పైలట్ అయిన బాబ్ రాలిన్సన్ చేతిలో పెడతాడు. అక్కడికి వచ్చి ఉన్న తన సోదరి సామానులో, ఆమెకు కూడా తెలియకుండా, బాబ్ వాటిని దాచేస్తాడు. తర్వాత విమాన ప్రమాదంలో ఇద్దరు మిత్రులూ చనిపోతారు. సామాను ఇంగ్లండు చేరుతుంది. అందులోని ఒక వస్తువు బాబ్ మేనకోడలు జెన్నిఫర్ వెంట మేడోబ్యాంక్‌కు వెళ్తుంది. అక్కడ కొత్తగా చేరిన ఆటల టీచరు మిస్ స్ప్రింగర్ (మన హాస్టల్ భాషలో పీఈటీ మేడం) ఒక రాత్రి స్పోర్ట్స్ పెవిలియన్‌లో తుపాకీ గుండుకు బలైపోతుంది. ఇన్‌స్పెక్టర్ కెల్సీ వస్తాడు. తోటమాలి వేషంలో ఒక ప్రభుత్వ గూఢచారి అప్పటికే బడిలో ఉన్నాడు. మొత్తం మీద మూడు హత్యలు జరుగుతాయి.

కిటికీ దగ్గర ఒక తల్లి

నవల వేసవి టర్మ్ మొదటి రోజుతో మొదలవుతుంది. కార్లు వస్తున్నాయి, పెట్టెలు దిగుతున్నాయి, మిస్ బుల్‌స్ట్రోడ్ ఒక్కొక్క తల్లినీ పలకరించి, తగిన నాలుగు మాటలు మాట్లాడి పంపిస్తోంది. అలా వచ్చినవాళ్ళలో జూలియా అనే అమ్మాయి తల్లి మిసెస్ అప్‌జాన్ ఉంది. ఆమె యుద్ధకాలంలో గూఢచార శాఖలో పనిచేసింది. మాటల మధ్యలో కిటికీలోంచి బయటికి చూసి, ఎప్పుడో చూసిన ఒక మనిషి కనబడిందని ఆశ్చర్యపోతూ చెప్పడం మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడే ఇంకో ఇద్దరు విద్యార్థినుల తల్లి తాగి తూలుతూ పచ్చిక మీదుగా వస్తూ ప్రిన్సిపల్ కంటపడుతుంది. బుల్‌స్ట్రోడ్ చూపు, మనసు రెండూ అటు పోతాయి. మిసెస్ అప్‌జాన్ చెబుతున్నది చెవిన పడదు. తర్వాత మిసెస్ అప్‌జాన్ బస్సుల్లో టర్కీలోని అనటోలియా తిరగడానికి వెళ్ళిపోతుంది. ఆమెను వెంటనే పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

డిటెక్టివ్ నవలల న్యాయం గురించి మాట్లాడేవాళ్ళకు ఈ దృశ్యమే పోరాట స్థలం. రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు, తానూ డిటెక్టివ్ కథలు రాసినవాడు, 1929లో ఈ తరహా కథలకు పది నియమాలు పెట్టాడు. నేరస్థుడు కథ మొదటి భాగంలోనే ప్రస్తావనకు వచ్చి ఉండాలి, డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికి కూడా చూపించి తీరాలి, ఇవి వాటిలో ముఖ్యమైనవి. ఈ కొలత పట్టుకుని చూసేవాళ్ళలో ఒక వర్గం, క్రిస్టీ ఇక్కడ మోసం చేసిందంటుంది. మిసెస్ అప్‌జాన్ ఎవరినో గుర్తుపట్టిందని చెప్పి, ఆ మనిషెవరో చెప్పకుండా దాచడం ఏమి న్యాయం? పైగా చివరి విచారణలో ఆ తల్లి తిరిగివచ్చి వేలెత్తి చూపించడం వల్లే ముడి పూర్తిగా విడుతుంది. పువారో బుర్ర కన్నా ఒక సాక్షి రాక ఎక్కువ పని చేసిందన్నది వాళ్ళ అభ్యంతరం.

ఈ అభ్యంతరంలో సగం నిజముంది. సాక్షి రాకతో ముడి విడటం పజిల్ ప్రియులకు రుచించదు, రుచించాలని అడగకూడదు కూడా. అయితే ఆధారం దాచారన్న ఆరోపణ నిలవదు. ఆ బడిలో ఒక మనిషి గతం మాయమైన మనిషి అన్న విషయం పాఠకుడికి మొదటి పేజీల్లోనే తెలుస్తుంది. పువారోకు తెలియడానికి పుస్తకం చివరి భాగం రావాలి. నాక్స్ కోరినదానికి ఇది ఒక మెట్టు ఎక్కువే.

అసలు ఈ దృశ్యాన్ని పజిల్ ముక్కగా మాత్రమే చూస్తే చాలా పోతుంది. హాస్టల్లో పిల్లను దింపడానికి వెళ్ళిన ప్రతి తల్లీ ఆ గదిలో నిలబడే ఉంటుంది. వెనక వరుస, చేతిలో ఫీజు రసీదు, టి.సి., ఫోటోలు. పిల్లకు రాత్రిపూట దగ్గు వస్తుందనో, చీకటంటే భయమనో చెప్పబోతే ప్రిన్సిపల్ మేడం తలాడిస్తుంది. ఆమె చూపు అప్పటికే తర్వాతి మనిషి మీద ఉంటుంది. బుల్‌స్ట్రోడ్ చెడ్డది కాదు, నిర్లక్ష్యం ఆమె స్వభావం కాదు. ఇంత తెలివైన, ఇంత బాధ్యత గల మనిషి కూడా ఒక్క నిమిషం వినకపోవడం వల్ల ఏమి జరిగిందో నవల చూపిస్తుంది. హాస్టల్ పాఠకులు ఈ పేజీ దగ్గర ఎందుకు ఆగిపోతారో, ఇంటి నుంచి బడికి వెళ్ళొచ్చినవాళ్ళు దీన్ని సరదా ఉపోద్ఘాతంగా ఎందుకు దాటేస్తారో నాకు ఇక్కడే అర్థమైంది.

రాకెట్ మార్పిడి

ఇప్పుడు జెన్నిఫర్, జూలియా. ఇద్దరూ స్నేహితులు, ఇద్దరికీ టెన్నిస్ పిచ్చి. జెన్నిఫర్ రాకెట్ ఎందుకో తూకం తప్పినట్టు ఉంటుంది. జూలియా రాకెట్ తూకం బాగుంది గానీ తీగలు మళ్ళీ బిగించాలి. ఇద్దరూ రాకెట్లు మార్చుకుంటారు. వాటి మీద అంటించిన పేరు చీటీలను కూడా ఊడదీసి మార్చి అంటించుకుంటారు. కొన్నాళ్ళకు ఒకావిడ వచ్చి, మీ అత్తయ్య పంపిందంటూ జెన్నిఫర్‌కు కొత్త రాకెట్ ఇచ్చి పాతది పట్టుకుపోతుంది. ఆ పోయింది నిజానికి జూలియాది. నగలున్నది జూలియా దగ్గర మిగిలిపోతుంది.

ఇది నమ్మదగినదేనా అన్నది పాఠకుల్లో తెగని వాదన. అంత ముఖ్యమైన వస్తువు అలా చేతులు మారడం మరీ వీలుగా కుదిరిందని కొందరంటారు. ఈ మాట అనేవాళ్ళు హాస్టల్లో ఉండి ఉండరని నేను గట్టిగా చెప్పగలను. బకెట్టు మీద గోళ్ళరంగుతో రాసిన పేరు, ట్రంకు మూత మీద పెయింటుతో వేసిన అడ్మిషన్ నంబరు, పళ్ళెం అంచున మేకుతో గీసిన పొడి అక్షరాలు. హాస్టల్లో ప్రతి వస్తువుకూ ఒక పేరు ఉంటుంది, అయినా ఏ వస్తువూ ఆ పేరు గల మనిషి దగ్గర ఉండదు. చెప్పులు, రికార్డు పుస్తకాలు, స్వెటర్లు వారం తిరక్కుండా చేతులు మారతాయి. ఏది ఎవరి దగ్గర ఉందో పిల్లలకు నోటి లెక్కగా తెలుసు. వార్డెన్ మేడం మాత్రం పేరు చూసి నిర్ణయిస్తుంది.

పుస్తకం మొత్తం తిరిగే ఇరుసు ఇదేనని నా అభిప్రాయం. పిల్లలకు తెలిసినదానికీ పెద్దలకు తెలిసినదానికీ మధ్య ఉన్న ఖాళీలో నగలు భద్రంగా ఉన్నాయి. దొంగ పెద్దల లెక్కనే నమ్ముకుంది కాబట్టి మోసపోయింది. పోలీసులూ పెద్దల లెక్కలోనే ఆలోచించారు. ఎవరు కొత్తగా చేరారు, ఎవరి సర్టిఫికెట్లు ఏమిటి, ఎవరికి ఎవరంటే పడదు, వాళ్ళ ప్రశ్నలన్నీ స్టాఫ్ రూము చుట్టూ తిరిగాయి. రాకెట్ల సంగతి పిల్లలను అడగాలని ఎవరికీ తట్టలేదు.

అలాంటప్పుడు పువారో ఎప్పుడు రాగలడు? పిల్లల దగ్గరున్న నిజం బడి గోడ దాటినప్పుడే. జూలియా ఒక్కతీ కూర్చుని ఆలోచిస్తుంది, రాకెట్ పిడి విప్పి చూస్తుంది, నగలు దొరుకుతాయి. ఆ సంగతి బడిలో పెద్దలెవరికీ చెప్పదు. హత్య చేసినవాళ్ళు లోపలి మనుషులే అయితే ఎవరికి చెప్పాలి? తల్లి స్నేహితురాలైన మిసెస్ సమ్మర్‌హేస్ ఎప్పుడో చెప్పిన పేరు గుర్తుపెట్టుకుని, లండన్ వెళ్ళి పువారో తలుపు తడుతుంది. డిటెక్టివ్ బడిలోకి రావడానికి కారణం ఒక పిల్ల బయటికి పోవడం. ఆయనను మొదటి అధ్యాయంలోనే పిలిపించి కూర్చోబెట్టి ఉంటే జూలియాకు పని ఉండేది కాదు, ఆ అమ్మాయి నిర్ణయానికి బరువు ఉండేది కాదు.

దీనికి ఒక పరీక్ష కూడా జరిగింది. 2008లో డేవిడ్ సూషే పువారోగా వచ్చిన టీవీ రూపంలో ఆయనను కథ మొదట్లోనే మేడోబ్యాంక్‌కు తీసుకొచ్చారు. టీవీకి అది తప్పనిసరి కావచ్చు, ప్రేక్షకుడు హీరో కోసం గంట సేపు ఆగడు. చూడటానికి బాగానే ఉంటుంది. నవల చదివి అది చూసినవాళ్ళకు మాత్రం తేడా తెలుస్తుంది. పెద్దాయన ఒకరు ఎప్పుడూ దగ్గరే ఉన్న బడిలో పిల్లలు అంత ఒంటరిగా ఉండరు.

తెలుగు పాఠకుడికి ఈ ఆలస్యం ఇంకొంచెం ఎక్కువ గుచ్చుకోవడానికి మన డిటెక్టివ్ సాహిత్యం పెట్టిన అలవాటూ ఒక కారణం. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు కోసం పాఠకుడు పుస్తకం తెరిచేవాడు. కష్టంలో ఉన్నవాళ్ళు వాళ్ళ దగ్గరికి వస్తారు, వాళ్ళతోపాటే మనమూ బయల్దేరతాం. ఆ అలవాటుతో మేడోబ్యాంక్ తలుపు తీసినవారికి వెలితిగా ఉండటం సహజం.

నగలు, నిజాం, పరువు

గూఢచారుల కథ అతకలేదన్నది ఇంకో బలమైన అభిప్రాయం. ఇంగ్లండు పాఠకులకు రమాత్ అధ్యాయాలు ఎక్కడో జరిగిన మాయాబజారు. హైదరాబాద్‌లో కూర్చుని చదివితే అంత మాయగా అనిపించవు. 1948 సెప్టెంబరులో సంస్థానం కూలుతున్న రోజుల్లోనే నిజాం ప్రభుత్వ సొమ్ము పది లక్షల పౌండ్లకు పైగా లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ పేరున ఉన్న బ్యాంకు ఖాతాకు చేరింది. అది ఎవరిదన్న తగాదా తేలడానికి 2019 దాకా పట్టింది. అక్కడి హైకోర్టు భారత ప్రభుత్వానికి, నిజాం వారసులకు అనుకూలంగా తీర్పు చెప్పింది. నిజాం నగలను కేంద్ర ప్రభుత్వం 1995లో సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. అవి సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చినప్పుడు జనం బారులు తీరి చూశారు. రాజ్యం పోయే ముందు సంపద లండన్ దారి పట్టడం మనకు నవలల్లో చదివిన సంగతి కాదు. ఆ భాగం నవలలో వదులుగా ఉందంటే ఒప్పుకుంటాను, ఏ బ్రిటిష్ అధికారి గది ఏదో నాకూ తికమకగానే ఉంటుంది. అసంభవమంటే మాత్రం ఒప్పుకోను.

అదే భాగంలో అసలైన ఇబ్బంది వేరే ఉంది. రమాత్ రాజకుటుంబానికి చెందిన షైస్తా అనే అమ్మాయి బడిలో చేరుతుంది. తూర్పు దేశాల ఆడపిల్లలు త్వరగా ఎదుగుతారన్న మాటను ఆ బడి మనుషులు ఎంతో సహజంగా అనేస్తారు. ఈనాటి పాఠకులకు అది ముల్లులా తగులుతుంది, తగలాలి కూడా. కాకపోతే కథలో ఒక మలుపు ఆ అపోహ మీదే నిలబడి ఉంది. ఇంగ్లిషువాళ్ళు అలా నమ్ముతారని తెలిసినవాళ్ళు దాన్ని వాడుకుంటారు. కాబట్టి రచయిత్రిని పూర్తిగా దోషిగా నిలబెట్టలేం, పూర్తిగా విడిచిపెట్టలేం. రమాత్ ప్రజలెవరూ మనుషులుగా కనబడకుండా పోవడం నన్ను ఎక్కువ బాధిస్తుంది. అక్కడ ఒక విప్లవం జరిగింది. ఎందుకు జరిగిందో నవలకు పట్టలేదు.

పరువు సంగతికి వస్తాను. స్ప్రింగర్ హత్య తర్వాత బుల్‌స్ట్రోడ్ పోలీసులను ఆపదు, వెంటనే రానిస్తుంది. దాంతోపాటు పలుకుబడి గల పెద్దలకు ఫోన్లు చేస్తుంది. పత్రికల్లో ఆ వార్త, ఒక టీచరు తుపాకీ దెబ్బకు చనిపోయిందని, ప్రమాదమో కాదో తేలాల్సి ఉందని, నాలుగు పొడి ముక్కలుగా వస్తుంది. చాలామంది పాఠకులు దీన్ని ఆమె సమర్థతకు గుర్తుగా మెచ్చుకుంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివినవాళ్ళు మెచ్చుకోలేరు. హాస్టల్లో ఒక విద్యార్థికి ఏదైనా జరిగితే ఆ రాత్రికి గేట్లు మూసేయడం, మిగతా పిల్లల దగ్గర ఫోన్లు లేకుండా చూడటం, తల్లిదండ్రులు పొద్దున గేటు బయట నిలబడి ఎవరు వచ్చి ఏమి చెబుతారా అని ఎదురుచూడటం ఈ నగరానికి కొత్త కాదు. అలాంటి గేటు ముందు నిలబడినవాళ్ళు బుల్‌స్ట్రోడ్ ఫోన్లను చదివి చిరునవ్వు నవ్వలేరు.

నేను ఈ విషయంలో వాళ్ళవైపు ఉంటాను. బుల్‌స్ట్రోడ్‌కు అనుకూలంగా చెప్పగలిగింది ఒక్కటే: ఆమె వార్తను చిన్నది చేసింది గానీ దర్యాప్తును చిన్నది చేయలేదు. తన స్టాఫ్‌ను ఇన్‌స్పెక్టర్ ముందు దాచలేదు. పిల్లలను తీసుకుపోతామన్న తల్లిదండ్రులకు అడ్డం పడలేదు. మన మేనేజ్‌మెంట్లు ఆమె నుంచి నేర్చుకోవాల్సింది ఫోన్లు చేయడం కాదు.

మూడు హత్యల్లో ఒకదానికి నగలతో సంబంధం లేదు. అది బడి మీద పెంచుకున్న మమకారంలోంచి వచ్చింది. ఇంతకు మించి చెబితే చదవనివాళ్ళకు అన్యాయం. ఆ మలుపు అతుకులా ఉందని పజిల్ ప్రియులు విసుక్కుంటారు, రెండు నేరాలను ఒకే కథలో కలిపి తమను దారి తప్పించారని వాళ్ళ కోపం. నాకు పుస్తకంలో అన్నిటికన్నా లోతైన భాగం అదే. జీవితమంతా ఒక సంస్థకు ధారపోసినవాళ్ళకు, ఆ సంస్థను ఇంకెవరి చేతిలోనో పెట్టబోతున్నారని తెలిస్తే ఏమవుతుంది? బుల్‌స్ట్రోడ్ రిటైర్ కాబోతోంది, వారసురాలిని ఎంచుకోవాలి. ఈ ప్రశ్న కింద బడి మొత్తం లోలోపల కదిలిపోతూ ఉంటుంది. పోలీసు దర్యాప్తు దానికి పైపూత మాత్రమే.

బడి నేపథ్యంగా వచ్చిన మిగతా రహస్య నవలలు చూసినా పదవి తగాదా పదే పదే ఎదురవుతుంది. జోసెఫిన్ టే 1946లో రాసిన 'మిస్ పిమ్ డిస్పోజెస్' వ్యాయామ విద్య నేర్పే ఆడపిల్లల కాలేజీలో జరుగుతుంది. పేరున్న ఒక బడిలో ఉద్యోగం అర్హురాలికి కాకుండా ఇంకొకరికి ఇవ్వడంతో అక్కడ విషం మొదలవుతుంది. దుర్ఘటన పుస్తకం బాగా సాగిపోయాక గానీ జరగదు, దాని మీదా ఆలస్యమన్న ఫిర్యాదే. 2014లో రాబిన్ స్టీవెన్స్ పిల్లల కోసం రాసిన 'మర్డర్ మోస్ట్ అన్‌లేడీలైక్'లో కూడా డిప్యూటీ ప్రిన్సిపల్ పదవి మీద ఆశలున్న సైన్స్ టీచరు చనిపోతుంది. ఆ కథ చెప్పేది హాంకాంగ్ నుంచి ఇంగ్లండు బడికి వచ్చిన హేజెల్ వాంగ్. తనది కాని భాషలో, తనది కాని తిండితో నెట్టుకొస్తున్న పిల్ల చూపు కాబట్టి ఆ బడి మనకు బాగా దగ్గరగా కనిపిస్తుంది. మొదటిసారి బోర్డింగ్ స్కూల్ మిస్టరీ చదవాలనుకునే పిల్లలకు నేను ముందు దీన్నే ఇస్తాను. ఇక మౌరీన్ జాన్సన్ 2018 నవల 'ట్రూలీ డీవియస్' విషయంలో పాఠకుల కోపం వేరే రకం. మొదటి పుస్తకం ముడి విప్పకుండానే ముగుస్తుంది, జవాబు కోసం ఇంకో రెండు పుస్తకాలు చదవాలి. ఆ కోపం పూర్తిగా న్యాయమైనదే.

ఈ పుస్తకాలన్నిటి మీదా వచ్చే ఇంకో ప్రశంస, బోర్డింగ్ స్కూలు మూసిన లోకం కాబట్టి అనుమానితులను లెక్కపెట్టడం తేలిక అన్నది. హాస్టల్లో ఉన్నవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. పాలవాడు, చాకలి, మెస్ వంటమనిషి, కూరగాయల ఆటో, ఆదివారం వచ్చే బంధువులు, ఈ టర్మ్‌లోనే చేరిన టీచరు, అందరికీ గేటు తెరుచుకుంటుంది. మూసి ఉండేది పిల్లలకే. క్రిస్టీకి ఇది తెలుసు. మేడోబ్యాంక్‌లోకి తోటమాలి, సెక్రటరీ, ఫ్రెంచి టీచరు, ఆటల టీచరు అందరూ ఆ టర్మ్‌లోనే ప్రవేశించారు. చిన్నప్పుడు ఆమె చదువు చాలావరకు ఇంట్లోనే సాగింది, తర్వాత పారిస్‌లోని బోర్డింగ్ స్కూళ్ళలో కొంతకాలం ఉంది. లోపలి మనిషికీ బయటి మనిషికీ మధ్యలో నిలబడి చూసిన చూపు అది.

చివరిగా ఒక వాదన మిగిలింది, హైదరాబాద్‌లో తప్ప ఇంకెక్కడా అంత గట్టిగా వినబడదేమో. హత్యల తర్వాత మేడోబ్యాంక్ ముందు కార్లు ఆగుతాయి, పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. జెన్నిఫర్‌ను కూడా తల్లి వచ్చి తీసుకుపోతుంది. గురుకులాల్లో చదివినవాళ్ళకు ఈ పేజీలే అన్నిటికన్నా పరాయిగా అనిపిస్తాయి. భయపడిన పిల్లను వెంటనే ఇంటికి తెచ్చుకోవడానికి ఇంకో బడి ఖర్చు భరించగలగాలి, కబురు అందాలి, పని మానుకుని రాగలగాలి. సీటు పోతే మళ్ళీ రాదన్న భయంతో, అక్కడే ఉండు తల్లీ, సర్దుకో అని చెప్పి వెనుదిరిగిన నాన్నలు మనకు తెలుసు. మేడోబ్యాంక్‌లో అలాంటి స్థితిలో మిగిలిపోయింది జూలియా. డబ్బు లేక కాదు, తల్లి అనటోలియాలో ఏ బస్సులో ఉందో తెలియక. తీసుకెళ్ళడానికి ఎవరూ రాని పిల్ల కాబట్టే ఆ రాకెట్‌తో ఆమె ఒంటరిగా కూర్చుంది, తనంతట తానే ఆలోచించింది, తనంతట తానే బయల్దేరింది. ఈ కోణం నుంచి చదివినవాళ్ళెవరూ పువారో ఆలస్యం గురించి నాతో ఫిర్యాదు చేయలేదు. జూలియాకు అంత భారం పడకుండా బడిలో ఒక్క మనిషైనా ఎందుకు లేకపోయారన్నదే వాళ్ళ ఫిర్యాదు.